రేడియోలో రాని మాట

అరవై ఎనిమిది ఎండాకాలంలో మా ఇంటికి రెండు పెద్ద పనులు ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఒకటి మా చెల్లి గౌరి పెళ్ళి. రెండోది నా రేడియో రూపకం. రెండింటిలో ఏది పెద్దదని ఎవరైనా అడిగుంటే సిగ్గులేకుండా రూపకమే అనేవాణ్ణి. అప్పటికి నేను రేడియో స్టేషన్లో టెంపరరీ మనిషిని. టేపు రికార్డరు మొయ్యడం, స్క్రిప్టు రాయడం, టేపు కొయ్యడం, ప్రొడ్యూసరు ఉమాపతిగారికి టీ తెప్పించడం, అన్నీ నావే. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ కథల్ని వాళ్ళ నోటితోనే చెప్పించి అరగంట రూపకం తయారు చెయ్యమని, చివర్లో నా పేరు చదివిస్తానని ఆయన అన్న రోజు అద్దంలో నాకు నేనే నమస్కారం పెట్టుకున్నాను.

మా వైపు రంగూన్ని రంగం అంటారు. కరువొచ్చినా, అన్నదమ్ములకి పడకపోయినా, పెళ్ళాం మీద కోపమొచ్చినా మగాళ్ళు ఓడెక్కి రంగం పోయేవారు. మా పెదనాన్న గంగులు కూడా అలాగే పోయాడు, నేను పుట్టకముందు. యుద్ధం దాకా కబుర్లు వచ్చేవట. తర్వాత అవీ లేవు. ఆయన భార్య గున్నమ్మ పెద్దమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. గౌరిని కని మా అమ్మ చనిపోతే మా ఇద్దర్నీ పెంచింది ఆవిడే.

పెద్దమ్మ నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు. ఊళ్ళో కొందరికి అది కంటగింపు. పన్నెండేళ్ళు కబురు రాని మనిషికి దర్భలతో బొమ్మ చేసి కర్మ చెయ్యొచ్చని పెద్దలు చెప్పినప్పుడు, "నాను సూడ్లేదు, మీరు సూడ్లేదు. కబురు రాని మనిసి సచ్చిపోనాడని ఎవుడు సెప్పాడు?" అని వాళ్ళని గుమ్మంలోంచే పంపించేసింది. పెద్దల పండక్కి మా నాన్న జగన్నాధం తాతలకీ ముత్తాతలకీ ఆకులు వేసి అన్నం పెట్టి నీళ్ళు వదిలేవాడు. అన్న పేరున ఇంకో ఆకు వెయ్యబోతే పెద్దమ్మ లాగేసేది. "బతికున్నోడికి ఆకెయ్యకూడదు మరిదీ. ఆయుస్సు తగ్గిపోద్ది." నాన్న ఆ ఆకు మడిచి పక్కన పెట్టేసేవాడు.

గౌరి పెళ్ళిలో పసుపు దంచేటప్పుడు మొదటి రోకటి పోటు తనే వెయ్యాలని పెద్దమ్మ కోరిక. పసుపు దంచాలంటే పునిస్త్రీ అయ్యుండాలి. ఎవరైనా అడ్డు చెప్తారేమోనని ముందే వీధిలో అందరికీ వినబడేలా, "నా గుంట పెళ్ళికి నాను కాకపోతే ఎవులు దంచుతారు?" అని కేకేసింది. పెద్దమ్మతో వాదనకి దిగేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

విజయనగరం శివార్లలో రంగం నుంచి వచ్చినవాళ్ళకి రేకుల ఇళ్ళు కట్టించి ఇచ్చారు. నేను టేపు రికార్డరు వీపున వేసుకుని అక్కడికి వెళ్ళి ఇంటింటికీ తిరిగాను. ఆడవాళ్ళు బర్మా వాళ్ళలా నడుముకి లుంగీ చుట్టుకుని, మా యాసలోనే మాట్లాడుతుంటే వింతగా ఉండేది. అక్కడి సర్కారు షాపు లాగేసుకున్న సంగతి ఒకరు చెప్పారు. ఓడ దిగాక సొంత ఊళ్ళో అన్నదమ్ములే గుర్తుపట్టలేదని ఇంకొకరు ఏడ్చారు. ఎవరైనా ఏడిస్తే నాకు లోపల సంతోషంగా ఉండేది. రూపకానికి పనికొస్తుందని. ఆ బుద్ధి అప్పుడు నాకుండేది, లేదని చెప్పను.

అప్పలసూరి ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మైకు చూడగానే చుట్ట ఆర్పేశాడు.

"బాబూ, ఇది రాజాం పక్క ఊళ్ళకి ఇనపడతాదా?"

"పంచాయితీ రేడియో ఉన్న ఊరైతే వినబడుతుంది తాతా."

"నా మొకం అగుపడదు కదా?"

"రేడియోలో మొహం ఎలా కనబడుతుంది?" అని నవ్వాను.

"అయితే సెప్తాను. మూడేళ్ళ నుంచి సెప్దామనే ఉన్నాను. రాజాం దాకా బస్సెక్కి ఎల్లేను కూడా. దిగలేక అదే బస్సులో తిరిగొచ్చీసినాను. ఏ మొకం పెట్టుకొని ఎల్తాను?"

ముందు రంగంలో బియ్యం మిల్లు గురించి, బస్తాలు మోసే పాటల గురించి, యుద్ధంలో నడిచొచ్చిన తోవ గురించి చెప్పాడు. తర్వాత మైకుని రెండు చేతులా పట్టుకుని, నాతో కాకుండా మైకుతోనే మాట్లాడడం మొదలుపెట్టాడు.

"అమ్మా, నాను అప్పలసూరిని. నీ పెనిమిటీ నానూ ఒక్క మిల్లులో పని సేసినాం. ఒక్క కుండలో వొండుకున్నాం. బాంబులు పడ్డాక అందరితోటీ నడిసి బయల్దేరినాం. ప్రోము పట్నం దాటినాక కొండతోవలో ఆడికి వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. దాహం దాహం అన్నాడు. ఆ రోగానికి నీళ్ళియ్యకూడదు, ఇస్తే సస్తాడు అన్నారందరూ. నా సంకన సీసా ఉన్నాది. అందులో నీళ్ళున్నాయి. నానియ్యలేదు తల్లీ. ఆడు సీసాకేసే సూసినాడు. సూసి సూసి అలాగే పోనాడు. ఇప్పుడు డాకటర్లు ఆ రోగానికి నీళ్ళే మందంటన్నారు. ఆడిని ఆ తోవలో ఒగ్గీసి ముందుకు రాలేక నాను ఎనక్కి రంగమే ఎల్లిపోనాను. ఇంక ఆడికోసం సూడకమ్మా. ఆడికిన్ని నీళ్ళొదులు. నాను సెప్పాల్సింది అదే."

నా చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. మీటరు సూది ఎర్ర గీత దాటకుండా చూసుకుంటూ, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు, ఉమాపతిగారు ఎగిరి గంతేస్తారు అనుకుంటున్నాను.

"పేరు చెప్పలేదు తాతా. ఎవరికి చెబుతున్నావు?"

"నేరెళ్ళవలస గంగులు పెళ్ళానికి. గున్నమ్మ అని ఆవిడ పేరు."

టేపు తిరుగుతూనే ఉంది. నేను ఆపలేదు. నేను గంగులు తమ్ముడి కొడుకునని ఆ ముసలాయనతో చెప్పడానికి అదే సమయం. చెప్పకుండా, "బాగా వచ్చింది తాతా" అని మెషీను ఆపి, మూత వేసి లేచాను.

మా వైపు మైల చావుతో మొదలవదు, కబురుతో మొదలవుతుంది. ఎప్పుడు పోయినా సరే, చెవిన పడ్డప్పటి నుంచే లెక్క. పెదనాన్న నేను పుట్టకముందే పోయాడు. కానీ మా ఇంట్లో ఆయన పోయింది ఆ రోజు, ఆ రేకుల ఇంటి ముందు, నా హెడ్‌ఫోన్లలో. వినగానే కట్టుబట్టలతో స్నానం చెయ్యాలి. కాలనీ పంపు దగ్గర నిలబడి ఆలోచించాను. స్నానం చేస్తే విన్నట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇంట్లో చెప్పాలి. చెబితే పెళ్ళి ఆగుతుంది. పెళ్ళికొడుకు నాయనమ్మ పోయిందని అప్పటికే ఒకసారి ముహూర్తం జరిపారు. అన్నిటికన్నా ముందు, పెద్దమ్మ చేతిలోంచి ఆ రోకలి లాగేస్తారు. నేను మొహం మాత్రం కడుక్కుని బస్సెక్కాను.

స్టేషన్లో ఉమాపతిగారు కొంత వినిపించమన్నారు. మిల్లు పాటలు వినిపించాను. "ఈ ముసలాయన గొంతులో ఏదో ఉందయ్యా. దారి సంగతి చెప్పలేదా?" అన్నారు.

"చెప్పాడండి. ఒక్క మాట తప్ప అంతా గాలి హోరు పడింది. పనికిరాదు."

ఆయన నన్ను నమ్మేవారు. ఆ మధ్యాహ్నం ఎడిటింగ్ గదిలో టేపుని వెనక్కీ ముందుకీ తిప్పి, "అమ్మా, నాను" అన్నచోట పెన్సిల్‌తో గీత పెట్టి బ్లేడుతో కోశాను. పనికిరాని ముక్కల్ని చెత్తబుట్టలో వెయ్యడం మా అలవాటు. ఇది వెయ్యలేకపోయాను. ఖాళీ స్పూలుకి చుట్టి సంచి అడుగున పెట్టాను. పెద్దమ్మకి మేలు చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

రూపకం వచ్చిన సాయంత్రం మా ఊరు పంచాయితీ ఆఫీసు ముందు జనం బాగానే చేరారు. పెద్దమ్మ గౌరిని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మిల్లు పాటకి అందరూ చప్పట్లు కొట్టారు. అప్పలసూరి గొంతు, "ఆ తోవలో శానామంది పోనారు" అంది. తర్వాత చిన్న ఊపిరి, వెంటనే వేరే ఆడమనిషి గొంతు. ఆ అతుకు నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. చివర్లో నా పేరు చదివితే జనం వెనక్కి తిరిగి చూశారు. నేను తలొంచుకున్నాను. వినయం అనుకున్నారు.

ఇంటికి నడుస్తూ పెద్దమ్మ అంది. "ఒరే సినబాబూ, ఆ ముసలాయన ఇంకేటో సెప్పబోయినాడు కదరా. మద్దిలో ఆపీసినారేటి?"

"టైము సాల్లేదు పెద్దమ్మా."

"అరగంటలో ఆ మనిసికి ఇంకో మాటకి సోటు లేకపోయిందేటిరా? పాపం, ఊపిరి కూడా తీసుకున్నాడు." గౌరి పెళ్ళి చీర సంగతి ఎత్తితే ఆ మాట అక్కడితో ఆగింది.

పసుపు దంచే రోజు మా వాకిట్లో పందిరి కింద రోలు కడిగి, బొట్లు పెట్టి, రోకలికి మామిడాకులూ పసుపుకొమ్ములూ కట్టారు. ఎదురింటి బుల్లమ్మ, కూర్మమ్మ, మరో ముగ్గురు పునిస్త్రీలు వచ్చారు. పెద్దమ్మ తలంటుకుని కొత్త చీర కట్టుకుంది. ఆవిడ రోకలి ఎత్తి మొదటి పోటు వేసి, "నా తల్లి నూరేళ్ళు పసుపూ కుంకాలతో ఉండాల" అంది. గౌరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ క్షణం నాకు నిజంగా అనిపించింది, నేను చేసింది మంచి పనేనని.

అప్పుడే దడి పక్కన అప్పలసూరి కనిపించాడు. రాజాంలో బస్సు దిగి ఆ ఎండలో నడిచొచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది. వాకిట్లో నన్ను చూసి కళ్ళు చిట్లించాడు.

"ఎవులు బాబూ?" పెద్దమ్మ రోకలి బుల్లమ్మకిచ్చి ఎదురెళ్ళింది. "ఎండకి సోలిపోతన్నారు. కూకోండి." లోపలికెళ్ళి కంచు చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. "ముందు దాహం పుచ్చుకోండి. మాటలు తరవాత."

అప్పలసూరి చెంబు పట్టుకున్నాడు గాని తాగలేదు. నీళ్ళు తొణికి ఆయన కాళ్ళ మీద పడుతున్నాయి.

"ఇక్కడ గున్నమ్మ అని..."

"నానే."

ఆయన ఆవిడ బొట్టు చూశాడు, పసుపు చేతులు చూశాడు, రోలు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది.

పెద్దమ్మ మాత్రం ఆ గొంతు దగ్గరే ఆగిపోయింది. "ఓలమ్మ! నువ్వు రేడియోలో మాటాడిన మనిసివి కావేటి? ఒసే బుల్లమ్మా, ఆయనేనే!" మొహం కనబడదని రేడియోలో మాట్లాడిన మనిషిని ఆవిడ గొంతుతో పట్టేసింది. "ఆ రోజు నువ్వు సెప్పబోతన్నావు, ఈళ్ళు ఆపీసినారు. మా సినబాబే కట్టినాడులే ఆ పోగ్రాము. ఏటి సెప్పబోనావు?"

రోకళ్ళు ఆగిపోయాయి. నాన్న కూడా పందిరి గుంజ దగ్గర నిలబడిపోయాడు. నేను అప్పలసూరి మొహంలోకి చూశాను. బతిమాలినట్టే చూశాను.

"ఏటీ లేదమ్మా" అన్నాడాయన. "ఆ తోవలో ఎండ గురించి. దాహాల గురించి." తల వంచుకుని చెంబెత్తి గటగటా తాగేశాడు. తాగుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎండ దెబ్బ అనుకుని బుల్లమ్మ విసనకర్ర తెచ్చింది.

భోజనం చేసి వెళ్ళమంటే ఆగలేదు. నేను రోడ్డు దాకా వెంట వెళ్ళాను. తుమ్మచెట్ల దగ్గర ఆగి, "నువ్వు ఆడికేటవుతావు?" అన్నాడు.

"తమ్ముడి కొడుకుని."

"ఆ రోజే సెప్పకపోనావా బాబూ. సెప్పుంటే నీ కాళ్ళు పట్టుకునీవోడిని." నేను ఏదో చెప్పబోయాను. చెయ్యడ్డం పెట్టాడు. "రేడియోలో నా మాట రానేదు. అందుకే నా నెత్తి మీదది దించుకుందామని వొచ్చేను. ఆ ఇల్లాలి సేతి నీళ్ళు కూడా తాగీసినాను. ఇంక నాకేటి మిగిలింది? నువ్వు మాత్రం సెప్పు. ఎప్పుడో ఓ నాడు సెప్పు." బస్సొచ్చేదాకా ఉండనివ్వలేదు. నన్ను వెనక్కి పంపేశాడు.

పెళ్ళి ఘనంగా జరిగింది. గాడిపొయ్యిల మీద గుండిగలు, విస్తళ్ళు వరసల మీద వరసలు, పెద్దమ్మ కొంగు నడుముకి బిగించి వడ్డన దగ్గరే ఉంది. ఎవరి గ్లాసు ఖాళీ అయినా ఆవిడకి కనబడిపోయేది. "మంచినీళ్ళు! ఇటు మంచినీళ్ళు తేండి!" అని అరుస్తుంటే నేను ఆ గొంతు వినలేక ఇంటి వెనక్కి వెళ్ళి నిలబడేవాణ్ణి. నాకూ విస్తరి వేశారు. తినలేదు. ఎవరూ గమనించలేదు, పెళ్ళింట్లో ఎవరు తిన్నారో ఎవరు చూస్తారు.

గౌరి అత్తవారింటికి వెళ్ళింది. పదహారు రోజుల పండగ అయింది. తొలకరి చినుకులు పడ్డాక రాజాంలో రైతుల కార్యక్రమం రికార్డు చేసే పని మీద మెషీనుతో వచ్చి, ఆ రోజు ఇంటికి తీసుకెళ్ళాను. నా నోటితో చెప్పే ధైర్యం లేదు. ఆ ముక్కని ముందే మరో టేపుకి అతికించి ఉంచాను.

అరుగు మీద నాన్న గోగునార పేనుతున్నాడు. పెద్దమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "ఆ ముసలాయన మాట ఆపీసినామన్నావు కదా పెద్దమ్మా. అది ఇను" అని మీట నొక్కాను.

"అమ్మా, నాను అప్పలసూరిని..."

చేట ఒళ్ళోనే ఉంది. ఆవిడ చెయ్యి మాత్రం ఆగిపోయింది. చివరిదాకా వింది. తన పేరు వచ్చినప్పుడు కూడా ఏడవలేదు. టేపు చివర నా గొంతు వినబడింది, "బాగా వచ్చింది తాతా" అంటూ. దాన్ని కొయ్యడం మరిచిపోయాను.

నాన్న నార పక్కన పెట్టి లేచాడు. నూతి దగ్గరికెళ్ళి కట్టుబట్టలతో తల మీంచి నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టాడు.

"ఇది నీకెప్పుడు తెలుసురా?" అంది పెద్దమ్మ.

"పెళ్ళికి ముందే."

"పసుపు దంచినప్పుడు తెలుసు."

"తెలుసు."

"ఎందుకు సెప్పలేదు?"

"నువ్వు దంచాలని పెద్దమ్మా. నీ సేతిలోంచి రోకలి తీసీస్తారని. నీ బొట్టు..."

"నా బొట్టేటిరా!" ఆ కేకకి నూతి దగ్గర నాన్న చేతిలో చేద జారింది. "పసుపు బుల్లమ్మ దంచుతాది. కూర్మమ్మ దంచుతాది. ఆయనకి నీళ్ళెవులొదుల్తారు? దాహమని పోయిన మనిసిరా. పెళ్ళిలో ఊరంతటికీ అడిగడిగి నీళ్ళు పోసినాను కదరా. నువ్వక్కడే ఉన్నావు. సూస్తానే ఉన్నావు."

ఆవిడ గొంతు తగ్గింది. అప్పుడు మాట్లాడింది నాతో కాదు.

"ఏటేటా ఆకేస్తానంటే లాగీసినాను. ఆయుస్సు తగ్గిపోద్దన్నాను. అక్కడ ఆ జతగాడియ్యలేదు, ఇక్కడ నానియ్యనియ్యలేదు." గాజులు ఒక్కొక్కటీ తనే తీసి చేటలో బియ్యం మీద పెట్టింది. నేను పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది.

పదకొండో రోజు కార్యం శ్రీకూర్మంలో చెయ్యాలంది. అప్పలసూరిని తీసుకురమ్మని నన్నే పంపింది. ఆయన రానన్నాడు. "ఆవిడ పిలిసిందా? తిట్టడానికా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఎందుకో నాకూ తెలియదు. చివరికి నాతో బస్సెక్కాడు.

పుష్కరిణి మెట్ల మీద నాన్న పిండం పెట్టాడు. బ్రాహ్మడు మంత్రం చెబుతుంటే నువ్వులు కలిపిన నీళ్ళు దోసిట్లోంచి మూడుసార్లు వదిలాడు. "అయిందమ్మా" అన్నాడు బ్రాహ్మడు.

"ఇంకొంచెం పొయ్యి మరిదీ" అంది పెద్దమ్మ.

నాన్న ఇంకొంచెం పోశాడు. పెద్దమ్మ కిందికి దిగి కంచు చెంబు నిండా నీళ్ళు ముంచింది. ఆ రోజు వాకిట్లో అప్పలసూరికిచ్చిన చెంబే. ఇప్పుడు దాన్ని బోసి చేతులతో పట్టుకుని తీసుకెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"అప్పుడియ్యలేదు కదా అన్నా. ఇప్పుడియ్యి."

అప్పలసూరి రెండు చేతులా అందుకున్నాడు. "గంగులూ, తాగరా" అంటూ పోశాడు. చెంబంతా అయిపోయేదాకా పోశాడు. మెట్టు మీద కూలబడి గట్టిగా ఏడ్చాడు. పెద్దమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచింది.

నేను వాళ్ళకి రెండు మెట్లు పైన ఉన్నాను. దిగి వెళ్ళి చెంబు కోసం చెయ్యి చాపాను. కొడుకు వరస నాది, ఆ నీళ్ళు నేనూ వదలాలి.

పెద్దమ్మ నా చేతికేసి చూసింది. చెంబులో మిగిలిన చుక్కలు దులిపి, కొంగుతో లోపలా బయటా తుడిచి, సంచిలో పెట్టుకుంది.

"నడు బేగి" అంది నాన్నతో. "బస్సెల్లిపోద్ది."